నిర్మాణ పనుల సేఫ్టీ బెల్టుతో పెద్ద చెట్లెక్కి కొమ్మలు కోయవచ్చా?

హన్మకొండ_కొమ్మలు
మేము నలుగురం హన్మకొండ, కాజీపేట ప్రాంతాల్లో ఇళ్ల మీదికి వంగిన కొమ్మలు తీసే పని చేస్తున్నాము. ఇంతవరకు నిచ్చెన, మోకు, చేతి రంపం, గొడ్డలితోనే పని నడిచింది. ఇప్పుడు ఒక పాఠశాల ఆవరణలో మూడు పెద్ద నిద్రగన్నేరు చెట్లు, వాటి పక్కనే ఒక పాత వేప చెట్టు పని వచ్చింది. నిద్రగన్నేరు కొమ్మలు తరగతి గదుల రేకుల మీదుగా పాకి ఉన్నాయి, వేప చెట్టు ఒక పక్క 11 కేవీ లైనుకు దగ్గరగా ఉంది. బెల్టు లేకుండా ఎవరినీ చెట్టెక్కనివ్వబోమని పాఠశాల వారు ముందే చెప్పారు, ఆ మాటతో నేను పూర్తిగా ఏకీభవిస్తాను. వరంగల్ చౌరస్తా దుకాణాల్లో భవన నిర్మాణ కూలీలు వేసుకునే, వీపు మీద రింగు ఉండే ఫుల్ బాడీ బెల్టు దొరుకుతోంది. అది కొంటే సరిపోతుందా, చెట్ల పనికి వేరే బెల్టు ఏదైనా ఉందా? తాడు, కాళ్లకు కట్టుకునే ఇనుప ముళ్లు, చైన్ సా గురించి కూడా అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

తాళ్లముడి_కరీంనగర్
సరిపోదు. ఆ బెల్టు పడిపోతున్న మనిషిని ఆపడానికి తయారైనది. వీపు మీది రింగుకు కట్టిన తాడు కాలు జారినప్పుడు మాత్రమే బిగుస్తుంది, మిగతా సమయమంతా వదులుగా ఉంటుంది. చెట్టు మీద మనం గంటల తరబడి తాడు మీదే బరువు వేసి, పక్కలకు ఒరిగి, రెండు చేతులతో రంపం పట్టాలి. వీపు రింగుకు వేలాడే మనిషి ముందుకు వాలిపోతాడు, తన తాడు తనకే అందదు, తొడల పట్టీలు గజ్జల్లోకి కోసుకుపోతాయి.

చెట్ల పనికి కావలసినది కూర్చునే హార్నెస్. నడుముకు వెడల్పాటి పట్టీ, తొడలకు మెత్తటి పట్టీలు, బొడ్డు దగ్గర ప్రధాన తాడు తగిలించే రింగు, నడుముకు రెండు పక్కలా రెండు రింగులు దానికి ఉంటాయి. యూరప్ ప్రమాణాల ప్రకారం పడిపోయేవారిని ఆపే బెల్టుపై ఈఎన్ 361 అనీ, నడుము పక్క రింగులతో నిలదొక్కుకునే బెల్టుపై ఈఎన్ 358 అనీ, కూర్చునే హార్నెస్‌పై ఈఎన్ 813 అనీ ముద్రిస్తారు. లేబుల్ మీద 358, 813 రెండూ ఉన్నది తీసుకోండి. మన దేశంలో నిర్మాణ బెల్టులపై కనిపించే ఐఎస్ 3521 ముద్ర ఆ బెల్టు నాసిరకం కాదని చెబుతుంది గాని, చెట్టు మీద కూర్చుని పని చేయడానికి పనికివస్తుందని చెప్పదు.

గీతవృత్తి_జనగామ
మా ఇంట్లో తాతల కాలం నుంచి తాళ్లెక్కుతున్నారు. 2024 జులైలో రాష్ట్ర ప్రభుత్వం కాటమయ్య రక్షణ కవచం పేరుతో గీత కార్మికులకు కిట్లు ఇవ్వడం ప్రారంభించినప్పటి నుంచి మా ఊళ్లో చాలామంది మోకుతో పాటు ఆ బెల్టు, తాళ్లు కూడా వాడుతున్నారు. పాత పద్ధతిలో మోకు పట్టు తప్పితే మనిషిని ఆపేది మరొకటి ఉండేది కాదు. ఎక్కే పద్ధతి మారకపోయినా ప్రాణానికి రెండో ఆధారం దొరకడం పెద్ద మార్పు. ఆ అలవాటు ఉన్నవాళ్లు వేప, చింత ఎక్కడం కూడా త్వరగా నేర్చుకుంటారు.

తాళ్లముడి_కరీంనగర్
జనగామ అన్న చెప్పింది నిజమే, అయితే ఒక తేడా గమనించాలి. తాటిచెట్టు మొదలు నుంచి తల వరకు కొమ్మ లేని ఒకే కాండం కాబట్టి, కాండం చుట్టూ వేసిన మోకును పైకి జరుపుకుంటూ పోవచ్చు. వేపకైనా నిద్రగన్నేరుకైనా పంగ పంగకూ మోకు విప్పి మళ్లీ వేయవలసి వస్తుంది, విప్పిన ఆ క్షణంలో మనిషికి ఏ ఆధారమూ ఉండదు. అందుకే కొమ్మల చెట్టుకు పైన ఒక గట్టి పంగ నుంచి దిగే ప్రధాన తాడు ఉండాలి, నడుము చుట్టు తాడు దానికి తోడుగా ఉండాలి. ఒకటి విప్పేముందు రెండోది బిగించి ఉండాలి. రంపం పని మొదలుపెట్టేముందు రెండూ తగిలించి ఉండాలి, ఎందుకంటే పొరపాటున రంపం ఒక తాడును తాకినా రెండోది మిగులుతుంది. చైన్ సా వాడేటప్పుడు నడుము తాడు లోపల ఉక్కు తీగ ఉన్న రకమైతే మరింత మంచిది. అయితే ఉక్కు తీగ ఉన్న తాడును కరెంటు లైన్ల దగ్గరికి తీసుకుపోకండి.

పాకాల_మద్ది
ఇంత సరంజామా అవసరమా అన్నది నా సందేహం. నర్సంపేట వైపు మేము కాళ్లకు ఇనుప ముళ్లు కట్టుకుని, నడుముకు ఒక తాడు చుట్టుకుని ఎక్కుతాము. పని త్వరగా అవుతుంది. పై పంగలోకి తాడు విసరడానికే సగం పూట పోతే కూలి గిట్టుబాటు కాదు.

ఉద్యానం_మంచిర్యాల
పాకాల అన్నా, మీరు మొదలంటా నరికే చెట్లకు ముళ్లు వాడితే నాకు అభ్యంతరం లేదు. బతకవలసిన చెట్టుకు మాత్రం వాడకూడదు. ముల్లు దిగిన ప్రతిచోటా బెరడు కింది సజీవ పొర చిల్లు పడుతుంది, ఎక్కిన దారి పొడవునా డజన్ల కొద్దీ గాయాలు మిగులుతాయి, వాటిగుండా శిలీంధ్రాలు లోపలికి పోతాయి. పాఠశాల వారు ఆ చెట్లను నీడ కోసం ఉంచుకుంటున్నారు. కొమ్మలు సరిచేయడానికి వెళ్లి కాండం అంతా పొడిచి రావడం న్యాయం కాదు.

పాకాల_మద్ది
నరికే పనులే మాకు ఎక్కువ, అందుకే ఆ అలవాటు. ఉంచే చెట్టుకు వద్దన్న మాట ఒప్పుకుంటున్నాను. సమయం సంగతి మాత్రం ఎవరూ చెప్పలేదు.

తాళ్లముడి_కరీంనగర్
సమయం పట్టేది మొదట్లోనే. పావు కిలో నుంచి 400 గ్రాముల దాకా బరువుండే చిన్న సంచికి జారే సన్నటి దారం కట్టి, పంగలోకి విసిరి, ఆ దారంతో అసలు తాడును పైకి లాగాలి. నేల మీద సాధన చేస్తే రెండు మూడు విసుర్లలో అనుకున్న పంగ దొరుకుతుంది.

హన్మకొండ_కొమ్మలు
తాడు ఎటువంటిది కొనాలి? ఇక్కడ పచ్చరంగు, నీలంరంగు ప్లాస్టిక్ తాళ్లు కిలోల లెక్కన దొరుకుతున్నాయి. లారీలకు కట్టే నైలాన్ తాడు వాడవచ్చునని ఒకరు చెప్పారు.

ముడులు_పెద్దపల్లి
రంగు ప్లాస్టిక్ తాడుతో ఎక్కకండి. అది ఎక్కువగా పాలిప్రొపిలీన్. ఎండకు నెలల్లోనే పెళుసుబారుతుంది. రామగుండం ఎండలో బయట వదిలేసిన తాడును చేత్తో నలిపితే పొడి రాలడం మీరూ చూసే ఉంటారు. అంతకంటే పెద్ద ప్రమాదం ఉష్ణం. ఆ పదార్థం సుమారు 165 డిగ్రీల దగ్గర కరుగుతుంది. ముడి మీద వేగంగా జారి దిగితే రాపిడి వేడికి తాడే మెత్తబడవచ్చు. పాలిస్టర్ 250 డిగ్రీలు దాటిన తరువాతే కరుగుతుంది.

లారీ తాడుకు మనిషి బరువుతో పరీక్షించిన ముద్ర ఉండదు, ఎక్కడ అతుకు ఉందో తెలియదు. మనకు కావలసినది లోపల పోగుల గుండె, పైన అల్లిన తొడుగు ఉండే తాడు, మందం 11 నుంచి 13 మిల్లీమీటర్లు, సాగుడు తక్కువ. ఈఎన్ 1891 ఏ రకం తాడైతే కనీసం 22 కిలోన్యూటన్లు, అంటే దాదాపు 2,200 కిలోల లాగుడు తట్టుకోవాలి. కొండలెక్కేవారు వాడే సాగే తాడు కూడా ఈ పనికి తగదు. అది పడిపోయేటప్పుడు కుదుపును మింగడానికి సాగుతుంది. చెట్టు మీద అదే సాగుడు రంపం పట్టిన చేతిని ఊపుతుంది.

ఎక్కే తాడు మీద మనిషిని పట్టి ఉంచే ముడి విషయానికొస్తే, 1931లో ఆస్ట్రియాకు చెందిన కార్ల్ ప్రూసిక్ పరిచయం చేసిన ప్రూసిక్ ముడితో మొదలుపెట్టి బ్లేక్ ముడి నేర్చుకోండి. బ్లేక్ ముడి బరువు పడినప్పుడు పట్టుకుంటుంది, చేత్తో నొక్కితే జారుతుంది, ఒకే తాడు కొసతో వేయవచ్చు. కొసన ఆపుడు ముడి వేయడం మాత్రం మరవకండి. నేల మీద నడుము ఎత్తులో వేసి, బరువు వేసి, విప్పి, మళ్లీ వేసి, చూడకుండా వేయగలిగిన తరువాతే పైకి వెళ్లండి.

తాళ్లముడి_కరీంనగర్
పెద్దపల్లి గారి మాటకు ఒకటి జోడిస్తాను. తాడును నేరుగా పంగలో వేస్తే రాపిడికి చెట్టు బెరడూ పోతుంది, తాడు తొడుగూ పోతుంది. రెండు రింగులున్న పట్టీని పంగ చుట్టూ వేసి, ఆ రింగుల గుండా తాడు పోనిస్తే రెండూ బతుకుతాయి, పైకి లాగడం కూడా తేలికవుతుంది.

ఏటూరునాగారం_ఆకు
ఒంటి తాడు పద్ధతి గురించి ఎవరూ మాట్లాడలేదు. తాడును పై పంగ మీదుగా వేసి, ఒక కొసను మాను మొదలుకు కట్టి, రెండో వైపు తాడు మీద కాలి పట్టు, ఛాతీ పట్టు పరికరాలతో ఎక్కిపోవచ్చు. నిద్రగన్నేరు వంటి ఎత్తైన చెట్టుకు జంట తాడు (పంగ మీదుగా పోయి రెండు పాయలూ మనిషి హార్నెస్‌కే వచ్చే తాడు) మీద ముడి జరుపుకుంటూ ఎక్కితే పైకి చేరేసరికే చేతులు పడిపోతాయి. నా దృష్టిలో మీ బృందం నేరుగా ఒంటి తాడుతోనే మొదలుపెట్టాలి. మొదలు కట్టును వదలడానికి వీలుగా కడితే, పైన ఉన్నవాడు స్పృహ తప్పినా కింద ఉన్నవాడు దింపగలడు.

తాళ్లముడి_కరీంనగర్
ఈ విషయంలో నాకు భిన్నాభిప్రాయం ఉంది. జంట తాడులో 80 కిలోల మనిషి వేలాడితే పై పంగ మీద ఇంచుమించు 80 కిలోలే పడతాయి. మొదలుకు కట్టిన ఒంటి తాడులో మనిషి ఒక వైపు, కట్టు మరో వైపు కిందికి లాగుతాయి కాబట్టి అదే పంగ మీద 160 కిలోల దాకా పడతాయి. ఎక్కేటప్పుడు కుదుపులు కలిస్తే ఇంకా ఎక్కువ. కింద నిలబడి పంగను అంచనా వేయడం కొత్తవారికి కష్టం. చచ్చిన కొమ్మ ఆకుల చాటున పచ్చగానే కనిపిస్తుంది. పైగా మొదలు దగ్గరి కట్టును కింద పని చేసేవారి రంపమో గొడ్డలో తాకిందంటే పైన ఉన్నవాడి పని అయిపోయినట్లే.

ఏటూరునాగారం_ఆకు
లెక్క సరైనదే, నేను కాదనను. అందుకే పంగ కనీసం మన ముంజేయి కంటే లావుగా, పచ్చిగా ఉన్నదే ఎంచుకుని, ఇద్దరు మనుషులు కలిసి తాడుకు వేలాడి పరీక్షించిన తరువాతే ఎక్కాలి. మొదలు దగ్గర రంపం తిప్పకూడదన్న కట్టుబాటు ఉండాలి. ఇవి పాటించే బృందానికి ఒంటి తాడు శ్రమ తగ్గిస్తుంది.

ముడులు_పెద్దపల్లి
ఇద్దరి మాటలూ విన్నాక నా సలహా ఇది. వేప, కానుగ వంటి మధ్యరకం చెట్ల మీద జంట తాడుతో ముడి మీద నమ్మకం కుదిరేదాకా పని చేయండి. ఒంటి తాడు ఆ తరువాత నేర్చుకోవచ్చు. పరికరాల ఖర్చు కూడా అప్పటికి సర్దుబాటు అవుతుంది.

లైన్‌మన్_పరకాల
వేప చెట్టు 11 కేవీ లైను పక్కన ఉందని మొదటి టపాలో చదివి ఆగలేక రాస్తున్నాను. తాళ్ల సంగతి తరువాత, ముందు ఎల్‌సీ (లైన్ క్లియర్, అంటే పని ముగిసేదాకా లైనులో కరెంటు ఆపి ఉంచే అనుమతి) సంగతి చూడండి. విద్యుత్ పంపిణీ సంస్థ సెక్షన్ ఆఫీసులో ఏఈకి (అసిస్టెంట్ ఇంజినీరుకు) దరఖాస్తు ఇవ్వండి, 1912కు ఫోన్ చేసి కూడా అడగవచ్చు. లైన్‌మన్ సబ్‌స్టేషన్ నుంచి లైన్ క్లియర్ తీసుకుని, ఏబీ స్విచ్ (లైనును విడదీసే స్విచ్) తెరిచి, లైనులో కరెంటు లేదని పరీక్షించి, పని జరిగే చోటుకు రెండు వైపులా లైనును నేలకు కలిపే ఎర్త్ రాడ్లు తగిలించిన తరువాతే మీ మనిషి చెట్టు మీద కాలు పెట్టాలి. ఇంట్లో బల్బు ఆరిపోయింది కాబట్టి లైను చచ్చిందని అనుకుని ఎక్కినవారిని నేను చూశాను. జనరేటరో ఇన్వర్టరో తప్పుగా కలిపిన ఇంటి నుంచి కరెంటు ట్రాన్స్‌ఫార్మర్ గుండా వెనక్కి వచ్చి అదే లైనును 11 కేవీకి లేపగలదు. ఎర్త్ రాడ్లు వేసేది అందుకే.

అమెరికా నిబంధనల్లో 50 కేవీ వరకు లైన్లకు శిక్షణ లేని మనిషి, అతని చేతిలోని పనిముట్టు 10 అడుగుల దూరం పాటించాలని ఉంది. ఇక్కడ కూడా అంతకు తగ్గకండి. పచ్చి కొమ్మ, తడి తాడు, అల్యూమినియం నిచ్చెన అన్నీ కరెంటును మోస్తాయి.

హన్మకొండ_కొమ్మలు
లైన్‌మన్ అన్నా, ఎల్‌సీ ఇచ్చిన సమయం ముగిసేలోగా పని కాకపోతే?

లైన్‌మన్_పరకాల
దిగిపోవాలి. ఎల్‌సీ తీసుకున్న లైన్‌మన్ మీ మనుషులందరినీ కింద కళ్లతో చూసి, ఎర్త్ రాడ్లు తీసి, ఎల్‌సీని స్వయంగా తిరిగి అప్పగించిన తరువాతే లైనులోకి కరెంటు వస్తుంది. ఫలానా టైముకు కరెంటు వస్తుందన్న నోటి మాట మీద ఎవరూ పని చేయకూడదు. లైనుకు దగ్గరగా ఉన్న కొమ్మలు మొదట తీయండి, మిగతావి తరువాత తీరికగా చూసుకోవచ్చు.

ఉద్యానం_మంచిర్యాల
కోత గురించి కొంత రాస్తాను, ఎందుకంటే మన ఊళ్లలో చెట్లు ఎక్కువగా పాడయ్యేది అక్కడే. కొమ్మ పుట్టినచోట చిన్న ఉబ్బు ఉంటుంది. ఆ ఉబ్బు మానుకు చెందినది, గాయాన్ని మూసే కణజాలం అక్కడి నుంచే వస్తుంది. మానుకు సమంగా నున్నగా కోస్తే ఆ ఉబ్బు పోతుంది. జానెడు మొద్దు వదిలేస్తే అది కుళ్లి లోపలికి తొర్ర దిగుతుంది. ఉబ్బును ఆనుకుని బయట కోయాలి.

బరువైన కొమ్మను ఒకే కోతతో తీయకూడదు. మాను నుంచి అడుగు దూరంలో కింది వైపు నుంచి మూడో వంతు లోతు కోసి, దానికి కొద్దిగా అవతల పై నుంచి కోస్తే కొమ్మ బెరడు చీల్చకుండా విరిగిపడుతుంది. మిగిలిన మొద్దును చివరగా ఉబ్బు బయట తీయాలి. కింది కోత లేకపోతే వేపలో బెరడు మాను పొడవునా ఊడి వస్తుంది.

నిద్రగన్నేరు చెట్టుకు అడ్డంగా పొడవైన కొమ్మలు ఉంటాయి కదా, రేకుల మీద ఉన్నదని మొత్తం కొమ్మను మొదట్లో తీసేస్తే అంత పెద్ద గాయం చెట్టు మూసుకోలేదు. కొసల బరువు తగ్గించండి. కోసే కొమ్మ లావులో కనీసం మూడో వంతు లావున్న పిల్ల కొమ్మ దగ్గరికి కురచ చేయండి. ఒకే ఏడాది పచ్చని తలలో నాలుగో వంతుకు మించి తీయకండి. తల మొత్తం కొట్టేస్తే రెండేళ్లలో పీచు కొమ్మలు గుత్తులుగా లేచి, గాలివానకు అవే ముందు విరుగుతాయి.

ముడులు_పెద్దపల్లి
ఆ కొసలను రేకుల మీద పడేయలేము కాబట్టి తాడుతో దింపాలి. ఇక్కడ బరువు లెక్క తప్పితే ప్రమాదం. పచ్చి కలప ఘనమీటరుకు సుమారు టన్ను తూగుతుందని అనుకుంటే, 30 సెంటీమీటర్ల వ్యాసం, ఒక మీటరు పొడవున్న మొద్దు 70 కిలోలు ఉంటుంది. అది మీటరు కిందికి పడి తాడు మీద ఆగితే కుదుపు ఆ బరువుకు ఎన్నో రెట్లు అవుతుంది. చిన్న ముక్కలు కోయండి, దింపే కప్పీని కోతకు పైన కట్టండి, కింద ఉన్న మనిషి తాడును చేత్తో పట్టకుండా మాను చుట్టూ రెండు మూడు చుట్లు వేసి మెల్లగా వదలాలి. ఎక్కిన తాడు, దింపే తాడు ఎప్పుడూ వేర్వేరుగా ఉండాలి, రంగు కూడా వేరైతే కింద ఉన్నవారు తికమక పడరు.

పాకాల_మద్ది
కోసిన చోట తారు పూయాలా? మేము తారు లేదా సున్నం పూస్తాము.

ఉద్యానం_మంచిర్యాల
నీడ చెట్లకు అవసరం లేదు. అమెరికా అటవీ శాఖ శాస్త్రవేత్త అలెక్స్ షైగో వేల చెట్లను నిలువుగా కోయించి చూసి, 1977లో వెలువడిన తన పరిశీలనల్లో చెట్టు గాయం చుట్టూ తానే అడ్డుగోడలు కట్టి కుళ్లును ఆపుతుందని వివరించారు. తారు పూత ఆ కుళ్లును ఆపలేదు, లోపల తేమను నిలిపి ఉంచుతుంది.

మామిడి_జగిత్యాల
ఉద్యానం గారితో పూర్తిగా ఏకీభవించలేను. మా మామిడి తోటల్లో బంక కారే తెగులు, కొమ్మ ఎండు తెగులు ఉన్నప్పుడు ఎండిన కొమ్మ తీసి బోర్డో పేస్టు పూయమని ఉద్యాన శాఖ అధికారులే చెబుతారు, దాని వల్ల మాకు మేలు కనిపించింది.

ఉద్యానం_మంచిర్యాల
బోర్డో పేస్టు శిలీంధ్రనాశిని, తెగులు ఉన్న తోటలో దాని పని దానికి ఉంది. నేను వద్దన్నది ఆరోగ్యంగా ఉన్న నీడ చెట్టుకు తారు, పెయింటు పూయడాన్ని.

వేపల విషయంలో మరొక జాగ్రత్త. 2021 చివర్లో తెలంగాణ అంతటా వేపలు చివర్ల నుంచి ఎండిపోవడం అందరం చూశాము. ఫోమాప్సిస్ శిలీంధ్రం, తేయాకు దోమ కలిసి చేసిన నష్టం అది. ఆ తెగులు మళ్లీ మళ్లీ కనిపిస్తోంది కాబట్టి ఎండిన కొసలు తీసిన రంపాన్ని స్పిరిట్‌తో తుడిచిన తరువాతే మరో చెట్టుకు వాడండి. ఎండిన కొమ్మల పంగకు ఎక్కే తాడు ఎంత మాత్రమూ వేయకండి.

తాడ్వాయి_దారి
నేలకూలిన చెట్ల గురించి కూడా ఒక మాట. 2024 ఆగస్టు 31న తాడ్వాయి, మేడారం అడవిలో గాలికి వేల చెట్లు ఒక్కసారిగా కూలినప్పుడు దారులు తెరవడానికి రంపాలు పట్టినవారికి తెలుసు, పడి ఉన్న చెట్టు నిలబడిన చెట్టు కంటే ప్రమాదకరం. ఒకదాని మీద ఒకటి పడి వంగిన మాను ఒక వైపు సాగి, మరో వైపు నొక్కుకుని ఉంటుంది. నొక్కుకున్న వైపు కొద్దిగా కోసి, తరువాత సాగిన వైపు కోయాలి. తారుమారైతే రంపం ఇరుక్కుంటుంది, లేదా మాను ఎగిరి తన్నుతుంది. వేళ్లతో సహా లేచిన చెట్టును కోయగానే మొదలు తిరిగి గుంతలోకి నిలబడుతుంది, ఆ గుంత వైపు ఎవరూ ఉండకూడదు.

హన్మకొండ_కొమ్మలు
చెట్టు మీదికి చైన్ సా తీసుకుపోవచ్చా? మా వాళ్లలో ఇద్దరికి నేల మీద అలవాటు ఉంది.

ముడులు_పెద్దపల్లి
మొదటి పనుల్లో వద్దు. లాగేటప్పుడు కోసే వంపు రంపం చేతి లావు కొమ్మలను సులువుగా కోస్తుంది, కొసల బరువు తగ్గించే పనికి అది చాలు. చైన్ సా పైకి వెళ్లే రోజు వస్తే పైపిడి ఉన్న చిన్నది వాడండి, రెండు చేతులతోనే పట్టండి, చోటు మారేముందు చైన్ బ్రేక్ వేయండి, హార్నెస్‌కు పట్టీతో వేలాడదీయండి. మన ఎండలకు చైన్ సా ప్యాంటు బరువని కొందరు మానేస్తారు, అది తప్పు. అందులోని పొడవాటి పోగులు బయటికి వచ్చి గొలుసును చుట్టుకుని ఆపుతాయి. ఎండ భరించలేమనుకుంటే పని వేళ మార్చుకోండి, వేసవిలో తెల్లవారగానే ఎక్కి పది గంటలకు దిగండి.

ఏటూరునాగారం_ఆకు
ఎక్కేముందు చెట్టు చుట్టూ తిరిగి తేనెతుట్టె ఉందో లేదో చూడండి. పెద్ద తేనెటీగల తుట్టె ఉన్న చెట్టు మీద చైన్ సా మోగిస్తే, తాడుకు కట్టుకుని ఉన్న మనిషి పారిపోలేడు. అలాగే నలుగురిలో కనీసం ఇద్దరికి ఎక్కడం, మరొకరిని దింపడం రావాలి, రెండో హార్నెస్, రెండో తాడు కింద సిద్ధంగా ఉండాలి. స్పృహ లేకుండా హార్నెస్‌లో కదలక వేలాడే మనిషికి కాళ్లలో రక్తం నిలిచిపోయి నిమిషాల్లోనే ప్రాణం మీదికి వస్తుంది. అంబులెన్సు వచ్చేదాకా ఆగుదామనుకోకూడదు.

హన్మకొండ_కొమ్మలు
అందరికీ కృతజ్ఞతలు. రెండు హార్నెస్‌లు, రెండు ఎక్కే తాళ్లు, ఒక దింపే తాడు, విసురు సంచి, గడ్డం పట్టీ ఉన్న హెల్మెట్లు, వంపు రంపాలు ముందు కొంటాము. చైన్ సా ఈ పనికి నేల మీదే ఉంటుంది. వేప పనికి సెక్షన్ ఆఫీసులో దరఖాస్తు ఇస్తాము, పాఠశాల వారికి కూడా ఆ సంగతి రాసి ఇస్తాము. ఒక ప్రశ్న మిగిలింది. వేప బంక, నిద్రగన్నేరు కాయల జిగురు తాడుకు అంటితే ఎలా శుభ్రం చేయాలి?

తాళ్లముడి_కరీంనగర్
చల్లని నీళ్లలో కొద్దిగా సబ్బు కలిపి ఉతికి, నీడలో ఆరబెట్టండి. పెట్రోలు, కిరోసిన్ పెట్టి తుడవకండి, చైన్ ఆయిల్ డబ్బాతో, బ్యాటరీతో కలిపి ఒకే పెట్టెలో వేయకండి. ప్రతి పనికి ముందు తాడు మొత్తాన్ని చేతి గుండా పోనిచ్చి తొడుగు తెగిందా, లోపల మెత్తగా లేదా గట్టిగా మారిందా అని తడిమి చూడండి. రంపం తాకిన గుర్తు ఉంటే ఆ తాడు ఇక ఎక్కడానికి పనికిరాదు. దాన్ని అప్పటికప్పుడే పొట్టి ముక్కలుగా కోసి కొమ్మల కట్టలకు వాడండి. పొడవుగా ఉంచితే తొందరలో ఎవరో ఒకరు అదే తీసుకుని ఎక్కుతారు.